టీ గ్లాసూ, గుడాకు డబ్బా

ఒడిశాలోని బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ బజారులో కొట్టు పెట్టుకున్న మనిషి రోజుకి ఎన్ని టీలు తాగుతాడో లెక్కేయండి. లేవగానే ఒకటి, కొట్టు తెరిచాక ఒకటి, ఎవరో వచ్చారని ఒకటి, సాయంత్రం మూరీ గుగునీ (మరమరాలూ బఠాణీ కూరా) తిన్నాక ఇంకోటి. ఆరుకి తగ్గవు. గ్లాసు చిన్నదే, కానీ అందులో రెండు చెంచాల పంచదార పడుతుంది. చెంచా 4 గ్రాములనుకున్నా రోజుకి 48. రోజుకి 2,000 క్యాలరీలు తినేవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం 50 గ్రాములు దాటకూడదు, 25కి దించుకుంటే ఇంకా మేలు. రసగుల్లా జోలికి పోకుండానే కోటా అయిపోయిందన్నమాట.

పంటికి ఈ గ్రాములకంటే ఎన్నిసార్లన్నది ముఖ్యం. నోట్లో తీపి పడ్డ కొద్ది నిమిషాల్లోనే పాచిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కిందకి జారితే పంటి పైపొర ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతుంటాయి. ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా ఇంకో గ్లాసొస్తే పని మళ్లీ మొదటికి! అందుకే భోజనంతోపాటు ఒక్కసారే నాలుగు రసగుల్లాలు తిన్నవాడికంటే, పొద్దస్తమానం తీపి టీ చప్పరించేవాడికి పళ్లు పుచ్చే ప్రమాదం ఎక్కువ. (ఒంట్లో షుగరుకి మాత్రం ఆ నాలుగూ నాలుగే.) టీలో ముంచిన బిస్కెట్ ఇంకా నయవంచన. మెత్తటి ముద్దై దవడపళ్ల గాడుల్లో కూరుకుపోయి, గ్లాసు కడిగేశాక కూడా అక్కడే ఉంటుంది. బెల్లం టీ మంచిదంటారు గానీ బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే, బ్యాక్టీరియాకి రంగుతో పనిలేదు.

టీ మానమంటే ఎవరూ మానరు. ఆరింటిలో రెండింటికే పంచదార ఉంచుకుని, వాటిలోనూ వారానికి అర చెంచా తగ్గించుకుంటూ రండి. నెల తిరిగేసరికి పాత టీయే వెగటనిపిస్తుంది. తాగాక ఒక పుక్కెడు నీళ్లు పుక్కిలించండి.

ఇక గుడాకు. పొగాకు పొడిలో బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమన్ను కలిపిన నల్లటి ముద్ద అది. వేలికొసన తీసి చిగుళ్లకి రాసి, కాసేపు అలాగే ఉంచుతారు. అంటే పళ్లు తోముతున్నామనుకుంటూ చిగురు మీద తీపినీ పొగాకునీ నానబెడుతున్నారు. అది పెట్టకపోతే దొడ్డికి కదలదంటారు. అది నికోటిన్ అలవాటు చేసే పనే. నికోటిన్ చిగుళ్ల రక్తనాళాలని బిగిస్తుంది కాబట్టి చిగురు లోపల చెడిపోతున్నా రక్తం అంతగా కనపడదు. రక్తం రావట్లేదు గనక బాగున్నాయనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. గుడాకు పెట్టే చోట పెదవి వెనక తెల్లటి మచ్చ గానీ, మానని పుండు గానీ రెండు వారాలు దాటితే పళ్ల డాక్టరుకి చూపించాలి, నొప్పి లేకపోయినా సరే. మానాలనుకునేవాళ్లకి 1800 11 2356 నంబరులో ఉచితంగా సలహా ఇస్తారు.

షుగరు ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగురు వాపు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయక షుగరూ పెరుగుతుంది. చిగుళ్లకి సరైన వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో మూణ్నెల్ల షుగరు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, సగటున 0.4 శాతం దాకా తగ్గుతుంది. అయినా గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయంతో చాలామంది వెళ్లరు. అప్పటికే ఎముక కరిగి వదులైన పన్నుని గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. తీశాక బయటపడే కదలిక పాతదే.

రాత్రి నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది గనక పొద్దుటి బ్రష్ కంటే రాత్రిదే కీలకం. 1,000 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో వెయ్యికి) తగ్గని ఫ్లోరైడ్ పేస్టుతో, కుంచె చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి రెండు నిమిషాలు మెల్లగా తోమాలి. నురగ ఉమ్మేసి ఊరుకోండి. నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత పేస్టు, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. పంచదార పాలు పట్టేది బ్రష్ చేయకముందే. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి పై ముందుపళ్లే మొదట పుచ్చుతాయి. వారానికోసారి పై పెదవి ఎత్తి చిగురంచున సుద్దలాంటి తెల్లటి గీత ఉందేమో చూడండి. ఆ దశలో పట్టుకుంటే డ్రిల్లుతో పనిలేకుండా ఫ్లోరైడ్ పూతతోనే ఆపవచ్చు.