మా వంటగది సెన్యోరా కళ్లు

టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో నేను లెక్కలు చూసే రెస్టారెంటులో దోసెలు వేసేది మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వచ్చిన యాభై దాటిన ఆవిడ. నేను సెన్యోరా (స్పానిష్‌లో అమ్మగారు) అంటాను, ఆమె నన్ను మిహా (అమ్మాయీ) అంటుంది. ఆర్డరు చీటీలు మసగ్గా కనిపిస్తున్నాయని కళ్లజోడు దుకాణంలో పవరు మార్పించుకుంది. తేడా లేదు. షుగరు పన్నెండేళ్లుగా ఉంది. "చుక్కల మందు వేసి కంటి లోపల చూశారా?" అని అడిగాను. విజయవాడలో మా అమ్మ కంటికి లేజర్ చేయించినప్పుడు తెలిసిన సంగతి అది. ఎవరూ చూడలేదట.

ఇన్సూరెన్సు లేదు. తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే బీమా మెడికెయిడ్‌ను టెక్సస్ విస్తరించలేదు కనుక ఆమెలాంటి వాళ్లకు ఆ దారీ లేదు. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. జీతం చీటీ, కరెంటు బిల్లు అడిగారు. వలస కాగితాల ఊసెత్తలేదు. ఆమెకు అదే పెద్ద భయం. ఆసుపత్రులు రోగుల వలస స్థితి అడగాలన్న గవర్నర్ ఆదేశం 2024 నవంబరు నుంచి అమల్లో ఉందని మా వంటగదిలో అందరికీ తెలుసు. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆగదన్న సంగతి మాత్రం ఎవరికీ చేరలేదు.

కంటి వెనకపొర రెటీనా ఫొటో క్షణాల్లో అయిపోయింది. రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో వాపు ఉంది, నిపుణుణ్ణి వెంటనే కలవాలన్నారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. నిపుణుడి ఆఫీసులో రిఫరల్ (పంపుతున్నట్టు చీటీ) అందలేదన్నారు, అందాక ముందే డబ్బు కట్టమన్నారు, ఆపైన దుభాషిగా కొడుకును తెచ్చుకోమన్నారు. ఆ పిల్లాడు హైస్కూలు మానాలన్నమాట! ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిధులు తీసుకునేచోట దుభాషిని ఉచితంగానే ఏర్పాటు చేయాలి. ఆ మాట చెప్పి కౌంటరు దగ్గరే నిలబడ్డాను. చివరికి ఫోనులో స్పానిష్ దుభాషిని కలిపారు.

లాటినోలకు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్లకు, అవగాహన లేదని తేల్చేయడం తేలిక. కాలిఫోర్నియాలోని లా ప్వెంటేలో 2000 నుంచి 2003 వరకు ఆరు వేలకు పైగా లాటినోలను పరీక్షించినప్పుడు, మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి రెటీనా దెబ్బతిన్నట్టు బయటపడింది. ఇంతమందిని ఫొటో దాకా తెచ్చి, అక్కడి నుంచి మీ తంటాలు మీరు పడండంటే ఎలా?

ఇన్సులిన్ మాత్రం వద్దంది సెన్యోరా. ఊళ్లో ఆమె పిన్నికి ఇన్సులిన్ మొదలుపెట్టాకే చూపు పోయిందట. మా బంధువుల్లోనూ ఈ భయం ఉంది. ఆ సూది మొదలయ్యేనాటికే పిన్ని రెటీనా పాడై ఉంటుందని, ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరే అందుకు కారణమని డాక్టరు నిదానంగా చెప్పారు. దుభాషికి బదులు కొడుకు పక్కన ఉంటే ఆమె ఆ భయం బయటపెట్టేదే కాదు.

ఇప్పుడు నెలకోసారి కంట్లో వాపు తగ్గించే బెవాసిజుమాబ్ ఇంజెక్షను. కొత్త మందులకన్నా అది చాలా చవక. జీతం కోత పడకుండా ఆమె వారపు సెలవును మంగళవారానికి మార్పించాను. ఆ రోజు దోసెలు యజమానే వేస్తున్నాడు. ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు.