దేవరకొండ కోటలో కన్ను తెరవని కాయలు

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కేసరికే సీట్లు నిండిపోయాయి. దసరా ముందు శనివారం, ఇంకేం చెప్పాలి. మేం ఐదుగురం. ఆడపిల్లలిద్దరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని ఎలాగో సర్దుకుని కూర్చున్నారు. డబ్బులిచ్చి టికెట్ కొన్న మగవాళ్లం ముగ్గురం ఇబ్రహీంపట్నం, మాల్ దాటి మల్లేపల్లి దాకా రాడ్డు పట్టుకుని వేలాడాం. కారులో పోదామంటే పెట్రోలు లెక్కలు తీసింది కూడా వాళ్లే!

ఊళ్లో తిన్న ఇడ్లీ గురించి చెప్పడానికేం లేదు. కోట దగ్గరే. గోల్కొండలాగా ఉంటుందనుకుని వెళ్తే దెబ్బ తింటారు. మమ్మల్ని ఎవరూ టికెట్ అడగలేదు, దారీ చెప్పలేదు. ఏడు కొండలను చుట్టుకుంటూ పోయే గోడలు, మధ్యలో ముళ్లకంప, తంగేడు, గునుగు. 1323లో ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయకులు ఈ వైపు బలపడ్డారు. అన్న అనపోతానాయకుడు రాచకొండలో ఉంటే, తమ్ముడు మాదానాయకుడు ఇక్కడి నుంచి ఏలాడు. ఇది చెప్పగానే మావాడొకడు గోడకు ఆనుకుని నవ్వాడు. వాళ్లింట్లో అరెకరం గట్టు దగ్గర పెదనాన్నతో పదేళ్లుగా మాటల్లేవు.

తెచ్చుకున్న నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి. ఎండ మాడుస్తోంది. అప్పుడు కనిపించింది అవ్వ, బురుజు నీడలో గంప ముందు పెట్టుకుని. గంప నిండా సీతాఫలాలు.

"వందకు ఇరవై" అంది. మా దగ్గర బండి మీద డజనే రెండొందలు చెప్తారు. అయినా మావాడు ఊరుకోడే. "కొండ మీద ఊరికే కాసినవే కదవ్వా, యాభైకి ఇయ్యి" అన్నాడు.

అవ్వకు కోపమైనా రాలేదు. "ఊరికేనే కాస్తయ్ బిడ్డా. కొండంత చెట్లే. తెంపుకోండ్రి, ఎవరొద్దన్నరు?"

ఇంకేం, కోట సంగతి మర్చిపోయి గంటసేపు చెట్ల మీద పడ్డాం. చేతులు గీరుకుపోయాయి, ఒకడి చొక్కా చిరిగింది. బ్యాగు నింపుకుని గర్వంగా అవ్వ ముందు దించాం. ఆమె ఒక కాయ తీసి బొటనవేలితో రుద్ది చూసి, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. అదీ పక్కకే.

"ఇవి ఇంకా కన్ను తెర్వలేదు బిడ్డా."

తన గంపలోంచి ఒకటి తీసి చూపించింది. కాయ మీది కళ్ల మధ్య సందులు వెడల్పయి, అక్కడ లేత పసుపు దిగింది. మా కాయల్లో ఆ సందులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. అలాంటివి తెంపితే పండవు, నల్లబడి ఎండిపోతాయి.

నాకైతే తల దించుకోవాల్సిన సంగతి. మహబూబ్‌నగర్ పక్క పల్లెలో పెరిగినవాణ్ణి. మా నానమ్మ దసరా సెలవుల్లో కాయలన్నీ వరిగడ్డిలో కప్పి మాగబెట్టేది. పొద్దున లేవగానే గడ్డిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ నొక్కి చూసేవాళ్లం. "నొక్కి నొక్కి పాడు చేస్తున్నరు" అని తిట్టేది. కన్ను తెరిచిందో లేదో చూసుకుని తెంపే పని ఆమెది, తినే పని మాది. ఆ రెండో పని ఒక్కటే నాకు వచ్చు.

చివరికి వంద ఇచ్చి ఇరవై కొనుక్కున్నాం. అవ్వ తన సీసాలో నీళ్లు తలా గుక్కెడు పోసి, పైన రెండు కాయలు కూడా వేసింది. మా బ్యాగు కాయలు అక్కడే పారేద్దామంటే మావాడు ఒప్పుకోలేదు, కష్టపడి తెంపాడట. పైదాకా ఎక్కి కోనేరు చూద్దామనుకున్నది అలాగే మిగిలిపోయింది. మూడు గంటల బస్సు దొరికింది, ఈసారి నాకూ సీటు దొరికింది.

బుధవారానికి అవ్వ కాయలు చేత్తో విప్పితే విడిపోయేంత మెత్తబడ్డాయి. ఆ సాయంత్రం మావాడు గ్రూపులో ఫోటో పెట్టాడు, బియ్యం డబ్బాలోంచి తీసిన అయిదారు నల్లటి గడ్డలు.

"కోట రాళ్లు తెచ్చుకున్నావా? అవి తేకూడదు తెలుసా" అని కింద ఒకమ్మాయి రాసింది.