ఉగాండా ప్రయాణం, మందుల సంచి

కంపాలా వెళ్తున్నానని చెప్పగానే అమ్మ ఆవకాయ సర్దడం మొదలుపెట్టింది, నేనేమో మందుల సంచి ముందేసుకుని కూర్చున్నాను. ఎల్లో ఫీవర్ టీకా ఎలాగూ తప్పదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకుని, టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టేశా, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి మరి.

మలేరియా రాకుండా డాక్టరుగారు డాక్సీసైక్లిన్ రాశారు. దీంతో తలనొప్పి ఏంటంటే, ఇంటికి తిరిగొచ్చేశాక కూడా 4 వారాలు రోజూ మింగాలి, అదీ గ్లాసు నిండా నీళ్లతో, వేసుకున్న వెంటనే నడుం వాల్చకూడదు, పైగా ఎండకి చర్మం ఇట్టే కమిలిపోతుంది. అలా సన్‌స్క్రీన్ కూడా సంచిలోకి చేరింది.

నొప్పులకీ జ్వరానికీ పారాసిటమాల్ ఒక్కటే ఉంచి ఐబుప్రోఫెన్ తీసేశా. డెంగీ జ్వరమైతే ఐబుప్రోఫెన్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఓఆర్ఎస్. షాపుల్లో దొరికే తియ్యటి డ్రింకు డబ్బాలు కాదండీ, లీటరు నీళ్లలో మొత్తం ప్యాకెట్టు కలిపే పొడి. అక్కడికెళ్లాక మా టీమ్‌లో ఒకాయనకి రాత్రంతా విరేచనాలు, పాపం గోడ పట్టుకుని నడిచాడు. విరేచనాలు ఆపే మాత్ర లోపెరమైడ్ ఇమ్మని గోల. ఒళ్లు కాలిపోతోంది, ఇవ్వలేదు, జ్వరం గానీ రక్తం గానీ ఉంటే అది వేయకూడదు. లీటరు నీళ్లు కాచి చల్లార్చి ఓఆర్ఎస్ పొడి కలిపి గుక్కగుక్కగా తాగిస్తూ, తెల్లారగానే క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడ మొదట చేసింది మలేరియా టెస్టే.