తోటకూర మడి పక్కన టేకు

ఆషాఢం, ఆదివారం. వాన ఉదయానికే వెలిసింది.

అన్నయ్య కడియం నర్సరీల మీదుగా వస్తూ రెండు టేకు మొక్కలు తెచ్చాడు. మా ధవళేశ్వరం ఇంటి పెరట్లో దక్షిణపు గోడ మూల ఖాళీగా ఉందని, అక్కడ వాటిని నాటితే పాతికేళ్ళకు పిల్లల ఇంటి గుమ్మాలకూ తలుపులకూ కర్ర కొనవలసిన పని ఉండదని అతని ఆలోచన. ఆ మూలకు ఉత్తరాన అత్తయ్య తోటకూర మడి ఉంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "నాయనా, మొక్కలు బాగున్నాయి గాని, నా కూర మడికి ఎండ ఏదీ?" అని అడిగారు. మాలో మొదట అడగవలసిన ప్రశ్న అడిగింది ఆవిడే. ఈ రోజంతా నేను దాని చుట్టూనే తిరిగాను.

కూరమొక్కను, కలపచెట్టును పక్కపక్కన పెట్టి చూడడం వింతగా కనిపించవచ్చు. అయినా ఎండ విషయంలో రెండింటి స్వభావమూ ఒకటే. నీడలో టేకు ఎదగదు, అడవిలో సైతం నెత్తిమీద వెలుగు ఉన్న చోటే నిటారుగా సాగుతుంది. తోటకూర వెలుతురును వాడుకునే పద్ధతి మొక్కజొన్న, చెరకులది కనుక, ఎండ ఎంత కాస్తే అంత జోరుగా ఆకు వేస్తుంది. నీడన పడితే కాడ సన్నగా సాగి, ఆకు పలచబడి, మడి అంతా ఒరిగిపోతుంది. ఇంత ఎండ కోరే రెండింటిని ఒకే మూలలో పెట్టినప్పుడు గెలిచేది పొడుగైనదే.

అన్నయ్య దీనికి జవాబు సిద్ధం చేసుకునే వచ్చాడు. టేకు ఆకు రాల్చే చెట్టనీ, ఏడాదిలో కొన్ని నెలలు మోడుగానే ఉంటుంది గనుక ఆ రోజుల్లో కూరకు కావలసినంత ఎండ దొరుకుతుందనీ అన్నాడు. మాట నిజమే, కాని లెక్క తిరగబడింది. టేకు బోసిగా నిలబడేది మాఘ ఫాల్గుణాల నుంచి ఎండాకాలమంతా. మా ఎండలకు వాడిపోయే మడికి కాస్త నీడ అక్కరకు వచ్చే కాలం సరిగ్గా అదే, అప్పుడే చెట్టు మీద ఆకు ఉండదు. మబ్బు పట్టి వెలుతురే కరువైన వానాకాలంలో మాత్రం మూరెడేసి ఆకులతో నిండుగా ఉంటుంది. ఆషాఢ శ్రావణాల్లో సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు కనుక ఆ నీడ చెట్టు మొదటనే ఆగిపోతుందనుకుందాం. ఆశ్వయుజం దాటాక సూర్యుడు దక్షిణానికి వాలతాడు, నీడ ఉత్తరానికి సాగుతుంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం వేళ కూడా దాని పొడవు చెట్టు ఎత్తుకు కాస్త తక్కువగా ఉంటుంది. నలభై అడుగుల చెట్టయితే మా మడిని దాటి బావి గట్టు దాకా వస్తుంది. పెరటి కూరకు చీడ తక్కువగా, చేతికి సుఖంగా ఉండే చలికాలం అలా పోతుంది.

నీడ ఒక్కటే కాదు, వాన సంగతీ చూడాలి. టేకు ఆకు వెడల్పు వల్ల చినుకులు దాని మీద కూడి పెద్ద బొట్లుగా రాలతాయి, ఆ బొట్లు నేలను కొట్టి మట్టిని చిమ్ముతాయి. టేకు తోటల్లో చెట్ల కింద మన్ను కోతకు గురికావడానికి ఇది ఒక కారణమని అటవీశాస్త్రం తెలిసినవారు చెబుతారు. మట్టి చిమ్మిన తోటకూరను నాలుగు నీళ్ళు కడిగినా పంటికింద ఇసుక తగులుతుంది. పైగా ఎప్పుడూ తడిగా ఉండే ఆకు అడుగున తెల్లతుప్పు తెగులు పొక్కులు లేస్తాయి. అవి కనిపించిన ఆకును అత్తయ్య ఇంట్లోకి రానివ్వరు.

తోటకూర పని ఎలాంటిదో అన్నయ్యకు తెలియదు, వాళ్ళింట్లో ఆ పనంతా వదిన చూసుకుంటుంది. ఆవగింజ కన్నా చిన్నవైన ఆ నల్లని గింజలను నేరుగా చల్లితే ఒకచోట గుత్తుగా పడతాయని, ఇసుకలో కలిపి చల్లి, పైన చివికిన పెంట పలచగా కప్పి, చీమలు ఎత్తుకుపోకుండా కాపలా కాసి, నీళ్ళు గుమ్మరించక చిలకరించాలి. వారం తిరగకుండానే మొలుస్తుంది, నెల లోపే కోతకొస్తుంది. కొందరు వేళ్ళతో పీకేస్తారు. అత్తయ్య మాత్రం కింద రెండు మూడు కణుపులు ఉంచి కోస్తారు, అక్కడినుంచి మళ్ళీ చిగురు వస్తుంది. ఆ మాటకొస్తే కొట్టేసిన టేకు మొద్దు కూడా ఇలాగే పిలకలు వేస్తుంది, కాకపోతే రెండో కోత చూడడానికి మనవలు ఉండాలి.

టేకు విలువను నేను తక్కువ చేయను. మలబారు కలెక్టరు కొనోలీ హయాంలో, చాతు మేనోన్ పర్యవేక్షణలో, 1840లలో కేరళలోని నీలంబూరులో మొదలైన తోటలోని చెట్లు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. మా ఊళ్ళో పాతతరం వారు మన్యం కలపను గోదావరి మీద తెప్పలుగా దింపిన రోజుల గురించి చెప్పేవారు. ఆ కర్ర విలువంతా చేవలో ఉంది. పదిహేను, ఇరవై ఏళ్ళ చెట్టును కోస్తే చేవ కన్నా చుట్టూ ఉన్న తెల్ల చెక్కే ఎక్కువగా కనబడుతుందని మా వడ్రంగి ఎప్పుడూ అంటాడు. అదీగాక, పెరట్లో ఒంటరిగా పెరిగిన టేకు కిందనుంచే కొమ్మలు వేస్తుంది, కొమ్మ ఉన్నచోటల్లా కర్రలో ముడి పడుతుంది. తోటల్లో రెండేసి మీటర్ల ఎడంలో ఒత్తుగా నాటి, ఒకదానితో ఒకటి పోటీపడి నిటారుగా ఎదిగాక, కొన్నిటిని తీసేసి మిగిలినవాటికి చోటిస్తారు. రెండు మొక్కలతో ఆ పోటీ ఎక్కడిది? కొట్టే రోజు వచ్చినా, నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, కర్రను తరలించడానికి మరొక కాగితం కావాలి. 1990లలో టేకు తోటల పేరు చెప్పి జనం దగ్గర డబ్బు పోగుచేసిన కంపెనీల ప్రకటనల్లో ఈ సంగతులేవీ ఉండేవి కావు. అలాంటి పథకాలకు మదుపు మార్కెట్లను నియంత్రించే సెబీ 1999లో నిబంధనలు పెట్టేనాటికి చాలామంది మదుపరులు నష్టపోయి ఉన్నారు.

కాబట్టి నా తీర్పు పెరటి వరకు తోటకూర వైపే. నాలుగు సెంట్ల పెరట్లో ఎండ పడే చోటు కొంచెమే, దాన్ని ఏటా ఎన్నో కోతలకు వాడుకునే మొక్కకు ఇవ్వకుండా, పాతికేళ్ళ తరువాత ముడులున్న రెండు దుంగలు ఇచ్చే చెట్టుకు రాసివ్వడం నాకు నచ్చలేదు. ఎకరాల్లో లెక్క వేరు. నీరు నిలవని మెట్ట నేల, చుట్టూ గట్టు ఉన్నచోట టేకును మించిన సరిహద్దు చెట్టు లేదు.

అన్నయ్యకు రాజానగరం పక్కన మెట్ట పొలం ఉంది. నీడ అతని మిరపతోట మీద కాక బయటి డొంక మీద పడేలా మొక్కలను ఉత్తరపు గట్టున నాటమని చెప్పాను. పొలం దక్షిణపు గట్టు రోడ్డు పక్కన ఉందనీ, చెట్లు అక్కడ ఉంటేనే పదిమందికీ కనిపిస్తాయనీ అన్నాడు. అత్తయ్య నవ్వు ఆపుకుంటూ కాడలు ముదరని తోటకూర రెండు కట్టలు కోసి వదిన కోసం ఇచ్చారు. మొక్కలు కారు వెనక సీటులో పెట్టుకుని వెళ్ళాడు. గట్టు సంగతి ఇంకా తేలలేదు, రేపు వదినకు ఫోను చేయాలి.