బెసలేలు నేర్పాడు, మనం నేర్పుతున్నామా?

మత్తయి 25లోని తలాంతుల ఉపమానం, అంటే యజమాని అప్పగించిన సొమ్మును ఇద్దరు దాసులు రెట్టింపు చేస్తే మూడోవాడు భూమిలో పాతిపెట్టిన కథ, వినని విశ్వాసి మన నల్లగొండ, పాలమూరు సంఘాల్లో ఉండరు. అయితే ప్రసంగం అయ్యాక "వరాలున్నవారు ముందుకు రండి" అని పిలిస్తే పాడేవారు, వాక్యం చెప్పేవారు మాత్రమే లేస్తారు. మిగిలినవారు, దేవుడు తమకేమీ ఇవ్వలేదన్నట్టు తలలు వంచుకుంటారు. అది చూస్తే నా మనసు కలుక్కుమంటుంది.

దేవుని ఆత్మతో నింపబడ్డాడని లేఖనం మొట్టమొదట పేరు పెట్టి చెప్పింది ఎవరిని? ప్రవక్తను కాదు, యాజకుణ్ణి కాదు. అరణ్యంలో దేవుని ప్రత్యక్ష గుడారం పని చేసిన, యూదా గోత్రికుడైన బెసలేలును. బంగారం, వెండి, ఇత్తడి పని చేసేవాడు, రత్నాలు పొదిగేవాడు, కర్ర చెక్కేవాడు. నిర్గమకాండము 35వ అధ్యాయం చివర నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలు పని, నేతపని కూడా ఆ జాబితాలో చేరాయి. పుట్టపాక, గద్వాల మగ్గాల చప్పుడు ఎరిగిన మనం ఆ వచనాన్ని గబగబా చదివి దాటేయడం తగునా? బెసలేలు పలికిన మాట ఒక్కటీ లేఖనంలో లేదు. అతడు చేసిన మందసం ఉంది.

నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోయేది మాత్రం 34వ వచనం దగ్గర. దేవుడు అతనికి పని వచ్చేలా చేసి ఊరుకోలేదు. ఇతరులకు నేర్పే బుద్ధి కూడా అతని హృదయంలో పుట్టించాడు. పక్కన దాను గోత్రికుడైన అహోలీయాబును నిలబెట్టాడు. అరణ్య ప్రయాణంలో యూదా పాళెం అందరికంటే ముందు నడిచేది, దాను పాళెం అందరికంటే వెనుక. ముందున్నవాణ్ణీ వెనకున్నవాణ్ణీ ఒకే పనిలో కూర్చోబెట్టి, ఇద్దరికీ నేర్పే మనసిచ్చాడు దేవుడు!

ఇప్పుడు మళ్లీ ఉపమానానికి రండి. ఐదు తలాంతులవాడు మరో ఐదు సంపాదించాడు. పాడే గొంతు ఎలా రెట్టింపవుతుంది, మరో గొంతుకు నేర్పితే తప్ప? అందుకే నేనంటాను: వరాన్ని వాడకుండా దాచినవాడే కాదు, జీవితమంతా వాడి ఎవరికీ నేర్పకుండా పోయినవాడు కూడా దాన్ని పాతిపెట్టినట్టే. ఈ మాట కొందరికి కఠినంగా ఉంటుంది. ఉండనివ్వండి.

మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? కీబోర్డు వాయించే సోదరుడు ఊళ్లో లేకపోతే ఆ ఆదివారం పాటలు తడబడతాయి. ఆయన ఉన్న రోజున పిల్లవాడు ఒక మీట నొక్కితే కసురుతాడు. సండేస్కూలు నడిపే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతే సండేస్కూలూ ఆగిపోతుంది. అసలే మనది వలసల ప్రాంతం. బతుకుతెరువు కోసం పాలమూరు పల్లెల నుంచి బొంబాయికి, హైదరాబాద్‌కు కుటుంబాలు తరలిపోతూనే ఉన్నాయి. డప్పు వాయించే అన్న మూటాముల్లె సర్దుకుని బస్సెక్కితే ఆ వాయిద్యం కూడా ఆయనతోనే పోవాలా?

మా అమ్మకు అక్షరాలు నేర్పింది మా పల్లెలోని ఒక ముసలమ్మ. ఆమె ఎన్నడూ ప్రసంగించలేదు, ఆమెకు పాట శ్రుతిలో పడేది కాదు. కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లను దీపం దగ్గర కూర్చోబెట్టుకుని, బైబిల్లోని పెద్దక్షరాల మీద వాళ్ల వేలు పెట్టించి చదివించేది. అమ్మ తర్వాత ఇద్దరు వదినలకు నేర్పింది. నా చేతిలోకి వాక్యం వచ్చింది ఆ వరుసలోనే. ఆ తల్లి పేరు ఏ సంఘ చరిత్రలోనూ లేదు, ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి.

ప్రియులారా, మీకు కుట్టుపని వచ్చా? లెక్కలు రాయడం వచ్చా? రోగి పక్కన ఓపికగా కూర్చోవడం, ప్రేమవిందుకు వందమందికి అన్నం వండడం వచ్చా? అవి దేవుడిచ్చినవే. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఒక చిన్నవాణ్ణో చిన్నదాన్నో పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. కీబోర్డు వాయించే అన్నా, ఒక్క పాటకు ఆ పిల్లవాణ్ణి వాయించనివ్వండి. తప్పు వాయిస్తే సంఘమంతా ఓర్చుకుని పాడుతుంది.