నాన్న వేలికి అందే గుర్తులు

నాన్నకు గ్లకోమాతో చూపు పూర్తిగా పోయి రెండేళ్లయింది. పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. పొద్దున్నే తన టీ తనే పెట్టుకోవాలి. అది ఆగకూడదని నా పట్టుదల కూడా.

మొదట బ్రెయిలీ లేబుళ్లు చేశాను. బ్రెయిలీ అంటే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల గడి. మన భాషలకు ఉమ్మడిగా 1951లో వచ్చిన భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కైనా హిందీ 'క'కైనా ఆ గడిలో అవే 1, 3 చుక్కలు. అది తెలిసి భలే ఉత్సాహం వచ్చింది. పొడిచిన చుక్కలు వెనక వైపు లేస్తాయి కాబట్టి కుడి నుంచి ఎడమకు తిరగేసి పొడుస్తూ మిక్సీకి, వాషింగ్ మెషీన్‌కి పేర్లు రాసి అంటించాను. నాన్న వేలు పెట్టి, "ఇవేటమ్మా, రవ్వ పలుకుల్లా ఉన్నాయి. ఒకటో రెండో తెలీట్లేదు" అన్నారు. చుక్కకీ చుక్కకీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే, ఎత్తు అర మిల్లీమీటరు. చిన్నప్పటి నుంచి అలవాటైన పిల్లలు గబగబా చదివేస్తారు. అరవై ఎనిమిదేళ్లు వచ్చి, షుగర్‌తో తిమ్మిరెక్కిన వేలికి అంత సన్నని తేడా ఎలా అందుతుంది?

తర్వాత అమ్మ రాళ్ల బొట్టుబిళ్లలు అంటించాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి సముద్రం దగ్గరే. ఉప్పుగాలి, ఉక్కపోత, పైగా వంటింటి నూనె చేతులు. వారం తిరిగేలోపే ఊడాయి. ఒకటైతే పక్క బటన్ మీదికి జారింది. గుర్తు లేకపోయినా ఫరవాలేదు గానీ, అబద్ధం చెప్పే గుర్తు చాలా ప్రమాదం.

చివరికి పైపులకు వాడే ఎం-సీల్ పనికొచ్చింది. జిడ్డు బాగా తుడిచి, కందిపప్పు బద్దంత ముద్ద అద్దితే ఆరాక రాయే. మిక్సీకి సున్నా దగ్గర ఒక గీత, నాబ్ ముక్కు మీద ఒక బుడిపె. రెండూ ఎదురెదురుగా వస్తే మిక్సీ ఆగినట్టు. స్పీడ్లకు గుర్తులు అక్కర్లేదు, టిక్కులు లెక్కపెట్టుకుంటారు.

అసలు టెన్షన్ ఇండక్షన్ స్టవ్‌తోనే. అంతా నున్నటి గాజు. వెతకడానికి పెట్టిన వేలే బటన్ నొక్కేస్తుంది. బటన్ మీద గుర్తు పెడితే ఇంకా తంటా. అందుకే ముందు అంచు మీద, ఆన్ బటన్‌కి సరిగ్గా కింద, బియ్యపు గింజంత నిలువు గీత పెట్టాను. వేలు అంచు వెంట పాకుతుంది, గీత తగలగానే అక్కడి నుంచి తిన్నగా పైకి వెళ్తుంది. బీప్ వినబడితే దొరికినట్టే. ఫ్యాక్టరీలో అచ్చు పోసేటప్పుడే ఈ ఒక్క గీత పెట్టచ్చు కదా అని రోజూ అనుకుంటాను.

నిన్న వాషింగ్ మెషీన్ మీద మూడు గుర్తులుంటే నాన్న రెండు తీయించేశారు. "పాత ఫోన్లో 5 మీద ఒక్క చుక్కే కదమ్మా, దాంతోనే అంకెలన్నీ దొరికేవి. నేను తిప్పేది ఒక్క వాషే, అదుంచు" అన్నారు. చాకుతో గోకాను. ఆయన వేలితో తడిమి చూసి, ఇంకా కొంచెం గరుకుంది, మళ్లీ గోకమన్నారు.