ఫైటర్ కార్డు నుంచి ఫైట్ మాస్టర్ బాధ్యత దాకా: నా అనుభవం

సినిమాల్లో ఫైటర్‌గా పని దొరకాలంటే ముందుగా యూనియన్ కార్డు చేతిలో ఉండాలి. విజయనగరంలో చిన్ననాటి నుంచి కర్రసాము నేర్చుకుని హైదరాబాద్ కృష్ణానగర్‌కు చేరిన నాకు ఆ కార్డు సంపాదించడమే మొదటి పెద్ద పని అయింది. సీనియర్ల ఎదుట పల్టీలు కొట్టి, కర్ర తిప్పి, ఎత్తు నుంచి దూకి చూపించడం ఒక ఎత్తు, సభ్యత్వ రుసుము కూడబెట్టడం మరో ఎత్తు. మా నాన్నగారు పొలం మీద అప్పు తెచ్చి పంపిన డబ్బుతో రుసుము కట్టాను కనుక, కార్డు అందాక ఏ పిలుపునూ వదులుకోకుండా, వెనుక వరుసలో నిలబడే పనికైనా వెళ్లాను.

కర్రసాములో గురువుగారు దెబ్బ కాచుకోవడం నేర్పారు. షూటింగులో మాత్రం తగలని దెబ్బకు తగిలినట్టు పడటం నేర్చుకోవలసి వచ్చింది. పిడికిలి కదలగానే తల తప్పించే అలవాటు ఏళ్ల సాధనతో ఒంటికి పట్టేసి ఉండటం వల్ల ఇది నాకు చాలా కష్టమైంది. కొట్టేవాడి చెయ్యి కెమెరాకూ నా ముఖానికీ నడుమ దాటిపోయే క్షణంలోనే నా తల తిరగాలి. చేతికీ చెంపకీ మధ్య జానెడు ఖాళీ ఉన్నా, సరైన కోణంలో పెట్టిన కెమెరాకు, అందులోనూ దూరం నుంచి తీసే లెన్సుకు, ఆ ఖాళీ తెలియదు. తల లిప్తపాటు ముందు కదిలినా, ఆలస్యంగా కదిలినా ఆ షాట్ మళ్లీ తీయవలసిందే.

ఆ తర్వాత డూప్‌గా ఎత్తుల నుంచి దూకే పని వచ్చింది. పది మీటర్ల ఎత్తు నుంచి దూకిన మనిషి కిందికి చేరేసరికి దాదాపు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. ఆ వేగం ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోలేదు కనుక, ఖాళీ అట్టపెట్టెలను వరుసలుగా పేర్చి, అవి చెదరకుండా చుట్టూ తాడు కట్టి, పైన పరుపులు వేస్తాము. ఒక్కో వరుస నలిగే కొద్దీ వేగం తగ్గుతూ వస్తుంది. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, బరువు వీపంతటికీ ఒకేసారి పంచుకునేలా పడాలి. ధైర్యం ఉంటే చాలని కొత్తవాళ్లు అనుకుంటారు గానీ, పెట్టెలు పేర్చినవాడెవడో, ఎలా పేర్చాడో తన కళ్లతో చూసుకోకుండా దూకేవాడిని నేను ధైర్యవంతుడిగా లెక్కించను.

ఒక మాస్టర్ గారి దగ్గర అసిస్టెంటుగా చేరాకనే అసలు చదువు మొదలైంది. రోప్ పని అంతా నాకు అప్పగించారు. నడుముకు రెండు వైపులా కట్టిన రోప్‌తో మనిషి గాలిలో పల్టీ కొట్టగలడు. వీపు వద్ద కట్టి వెనక్కి లాగితే తన్ను తిన్నవాడిలా ఎగిరిపోతాడు. కట్టు కొద్దిగా జారినా భారమంతా మెడ వైపు మళ్లుతుంది. ఒకప్పుడు తెరమీద కనిపించకూడదని సన్నని తీగలే వాడేవారు. కంప్యూటరులో చెరిపివేసే సదుపాయం వచ్చాక దృఢమైన లావుపాటి రోప్‌లు వాడగలుగుతున్నాము. ప్రేక్షకులకు గ్రాఫిక్స్ అనగానే కొండలూ కోటలూ గుర్తుకొస్తాయేమో గానీ, మా వరకు వాటి వల్ల కలిగిన పెద్ద మేలు ఇదే. కప్పీలు, క్రేను, లాగేవాళ్ల లెక్క సరిచూసుకుని, ఎగరవలసిన మనిషి బరువుకు సమానమైన ఇసుక మూటను ముందుగా ఎగరేస్తాము. తర్వాత అసిస్టెంటు తానే కట్టుకుని ఎగరాలన్నది మా మాస్టర్ గారి నియమం. నేను ఎగిరి దిగాకే ఫైటర్‌ను కట్టనిచ్చేవారు.

నేనే మాస్టర్‌నయ్యాక పని తీరు పూర్తిగా మారింది. కథ విని, హీరో పాత్ర స్వభావానికి తగిన ఫైటు ఊహించి, ఎందరు ఫైటర్లు కావాలో, ఏ షాట్‌కు ఎంత సమయం పడుతుందో ముందే చెప్పాలి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు నిర్మాణ సంస్థలు మొదట అడిగేది రిహార్సల్ రోజులు తగ్గించమనే. ఒక సినిమాకు రిహార్సల్ లేకుండా కాలువ మీదుగా కారు దూకించమంటే నేను ఒప్పుకోలేదు, ఆ సినిమా చేజారింది. 2025 జూలైలో తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో, కారు బోల్తా కొట్టే సన్నివేశం తీస్తుండగా ఎంతో అనుభవమున్న స్టంట్ కళాకారుడు ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త విన్నప్పటి నుంచి అంబులెన్సు, డాక్టరు లొకేషన్‌కు రాకముందు బండి తాళం ఎవరికీ ఇవ్వడం లేదు.

హీరోయిన్లకు డూప్‌గా విగ్గు పెట్టిన మగవాళ్లను పంపే పద్ధతిని కూడా నా యూనిట్‌లో మాన్పించాను. నేర్చుకున్న ఆడపిల్లలు ఉండగా ఆ అవకాశం వారికే దక్కాలని నా గట్టి అభిప్రాయం.

మా పనికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. జాతీయ పురస్కారాల్లో స్టంట్ విభాగం 2017లో మొదలై, తొలి పురస్కారం 'పులిమురుగన్'కు పీటర్ హెయిన్ గారికి లభించింది. 2023లో ప్రకటించిన పురస్కారాల్లో 'ఆర్ఆర్ఆర్'కు కింగ్ సాలమన్ గారికి ఆ గౌరవం దక్కింది. ఆస్కార్ వారు కూడా 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి స్టంట్ డిజైన్‌కు పురస్కారం ఇస్తామని ప్రకటించారు. మాస్టర్ పేరు వేదికనెక్కితే సంతోషమే గానీ, దెబ్బలు ఓర్చుకున్న ఫైటర్ల పేర్లు టైటిల్స్‌లో కూడా పడనప్పుడు ఆ సంతోషం నాకు సగమే. అందుకే నా ఒప్పందాల్లో ఫైటర్లందరి పేర్లూ వేయాలని, షూటింగుకు ముందే బీమా చేయించాలని రాయిస్తున్నాను. ఫైటర్ల పేర్ల విషయంలో నిర్మాతలు ఒప్పుకుంటున్నారు గానీ, హీరోకు డూప్ చేసినవాడి పేరు వేయడానికి ఇంకా వెనకాడుతున్నారు. ఆ ఒక్క వాక్యం మీద ప్రతి సినిమాకూ కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను.